ప్రసన్న కట్టిన ఆకుల చక్రం

మా తోడికోడలు ప్రసన్నకుమారి నోట్లో నాలుక లేని మనిషి. ఆమె వాటా కూడా దేవుడు నాకే ఇచ్చినట్టున్నాడు. పెళ్లైన ఆరేళ్లకే మా మరిది పోయాడు. అప్పటి నుంచి పదిహేనేళ్లు మండపేట దగ్గరి మా పేటలో ఏసయ్య గుడి ఊడ్చింది, చాపలు పరిచింది, గోడలకు సున్నం కొట్టింది. పండగొస్తే మాత్రం ఆమెను వెనక్కి నెట్టేవాళ్లు. విధవరాలి చెయ్యి శుభానికి పనికిరాదట! బాప్తిస్మానికి అందరం కాలవలో మునిగాం గానీ, ఈ పాత బుద్ధులు మునగలేదు.

తొంభై ఎనిమిది క్రిస్మస్‌కి ఆమెకు ఒక్కటే కోరిక పుట్టింది. తన చేత్తో చేసినది ఏదో ఒకటి గుడి తలుపుకు ఉండాలి. చిన్నతనంలో రాజమండ్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఇంట్లో ఆయాగా చేసింది. ఆ ఇంటి తలుపుకు పండక్కి ఆకులతో గుండ్రంగా కట్టి వేలాడదీసేవారట. అది ఆమె మనసులో ఉండిపోయింది.

వెదురు బద్ద వంచి చక్రం చేసింది. పెరట్లోని సరుగుడు కొమ్మలు, క్రోటన్ ఆకులు కోసుకొచ్చి తడిపిన అరటినారతో బిగించింది. మందారాలు సాయంత్రానికే వాడిపోతాయని మధ్యమధ్య పండు మిరపకాయలు గుచ్చింది. రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. నేను చూసి ఊరుకోవచ్చుగా? మా పేటలో ఆకులతో గుండ్రంగా కట్టేది శవప్పెట్టె మీదకే.

"ఏంటే ప్రసన్నా, ఎవరు పోయారే?" అన్నాను.

"ఎవరూ పోలేదక్కా. పుట్టినాయనకి," అంది.

పండగనాడు అందరికంటే ముందు వెళ్లి తలుపుకు కట్టేసింది. వచ్చినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. సంఘపెద్ద యెహెజ్కేలు గారు గుడ్లురిమి చూశారు గానీ, పండగపూట గొడవెందుకని ఊరుకున్నారు.

రెండో రోజున ఆయన తల్లి పోయింది. ఎనభై దాటిన మనిషి, ఆరు నెలలుగా మంచం మీదే ఉంది. అయినా పేట పేటంతా ఒకటే మాట: శవానికి పెట్టేది గుడికి కట్టి ప్రసన్న చావును పిలిచిందని. తన తల్లిని పొట్టన పెట్టుకుందని యెహెజ్కేలు గారు ఆమె గుమ్మం ముందు నిలబడి తిట్టారు. అక్కడితో ఆగారా? కడియం నుంచి పూలు వేళకు రాలేదని, గుడి తలుపుకున్న ఆ చక్రాన్నే విప్పించి తల్లి పెట్టె మీద పెట్టించారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు మాత్రం మెదపలేదు. మా ఆయనకు రైసు మిల్లులో పని ఇప్పించింది ఆయనే మరి.

పెట్టె లేపబోతుంటే ప్రసన్న జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చక్రాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకుంది.

"ఇది పుట్టినరోజుకి కట్టానండి. శవానికి ఇవ్వను," అంది. గొంతు కూడా పెంచలేదు.

యెహెజ్కేలు గారు ఆమెను పట్టించుకోకుండా నా వైపు తిరిగారు.

"చిట్టెమ్మా, దాని తోడికోడలివి కదా, నువ్వు చెప్పు. ఇది దేనికి కడతారు?"

అందరూ నన్నే చూస్తున్నారు. ప్రసన్నా చూస్తోంది. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ పూట ఏమైందో!

"శవానికేనండి," అన్నాను.

ఇద్దరు మగాళ్లు ఆమె చేతుల్లోంచి దాన్ని గుంజుకున్నారు. సరుగుడు ఆకు నేలంతా రాలింది. ఆమె ఏడవలేదు, నన్నొక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ప్రసన్న మళ్లీ గుడి మెట్టెక్కలేదు. మరుసటేడు క్రిస్మస్ కేరల్స్ పాటలకి గుంపుగా ఇల్లిల్లూ తిరిగాం. ఆమె ఇంటి ముందు ఆగొద్దన్నారు పెద్దలు. ప్రసన్న తలుపు తీసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. గుంపు ముందు నేనే ఉన్నాను. చప్పట్లు కొడుతూ, పాడుకుంటూ, ఆ గుమ్మం దాటిపోయాను.