ఇరవై ఏడు గంటల రోజు

మోటార్లు బాగుచేసే మేస్త్రికి ఒక అలవాటుంది. ఏ మోటారైనా విప్పేముందు దానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. విప్పిన నట్లూ బోల్టులూ పాతగుడ్డ మీద వరసగా పేరుస్తాడు. లెక్క తప్పితే ఆయనకు అన్నం సయించదు. అలాంటి మనిషిని భార్య బతిమాలి, ఆదివారాలు బళ్లో ఊరి కుటుంబాలకు చెప్పే పాఠాలకు తీసుకెళ్లింది. ఆ రోజు పంతులమ్మ అందరికీ కాగితాలిచ్చి, ఎవరి రోజు ఎలా గడుస్తుందో గంటల్లో రాయమంది. మేస్త్రి రోజు సరిగ్గా ఇరవై నాలుగు గంటలకు తేలింది. భార్యది ఇరవై ఏడు.

"కూడిక తప్పింది, మళ్లీ చూడు," అన్నాడు.

"తప్పలేదు. అన్నం ఉడుకుతుండగానే మీ అమ్మ కాళ్లకు కాపడం పెడతాను. బట్టలుతుకుతూనే పిల్లకు ఎక్కాలు చెప్తాను. అదంతా ఒక్క గంటని ఎలా రాయను?"

ఆయన మూడుసార్లు కూడాడు. మూడుసార్లూ ఇరవై ఏడే. ఏ గంట కొట్టేయాలో పాలుపోలేదు. ఏది కొట్టేద్దామన్నా అది తాను తినే అన్నమో, తొడుక్కునే చొక్కానో అవుతోంది. మర్నాడు పొద్దున్నే లేచి, ఏ పని అందుకోవాలో తెలియక వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఖాళీ బిందె ఎత్తుకున్నాడు. భార్య గబగబా వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. వీధి కుళాయికి నీళ్లు ఎన్నింటికొస్తాయి?" అన్నాడు, ఊరికి నీళ్లెక్కించే మోటారును పదేళ్లుగా బాగుచేస్తున్న మనిషి.