కొత్త బోర్డు, నా పాత కీబోర్డు

మిత్రుడు మునిరత్నానికి రేపు జవాబు చెప్పాలి కనుక ఇది ఈ సాయంత్రమే రాస్తున్నాను. నా పాతకాలపు హోమ్ కంప్యూటర్‌ను అసలు విడిభాగాలతోనే బాగుచేయాలని ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను. తెర ఇంకా వెలగలేదు. ఈ రోజు అతను నగరి నుంచి వచ్చి, అదే కంప్యూటర్‌కు మొదటినుంచి తానే కొత్తగా రూపొందించిన సర్క్యూట్ బోర్డును మా టీవీకి తగిలించాడు. వెంటనే వెలిగింది. పాతదానిలోని తెర వణుకును సైతం వదలకుండా అచ్చం అలాగే దించాడు. అభినందించాను, కడుపు మాత్రం మండింది.

"ఈ బోర్డుకు తగిలించేకి ఇట్లాంటి పాత కీబోర్డు యాడా దొరకలేదప్పా. నీది ఊరికే పడుండాది గదా, ఇచ్చెయ్," అన్నాడు.

"నాది బాగైతే?" అన్నాను.

"అదింక యాడ బాగైతాదబ్బా! నువ్వు గూడా నా మాదిరి కొత్త బోర్డు గీసుకో."

ఇస్తే నా మరమ్మతు ఇక్కడితో ఆగుతుంది. ఇవ్వకపోతే కారణం అసూయేనని ఇద్దరికీ తెలుస్తుంది. మీరైతే ఏం చేస్తారు? కొత్తగా గీయాలో, పాతదాన్నే బాగుచేయాలో నేనింకా తేల్చుకోలేదు.