ఔను కాలు, కాదు కాలు

పుంగనూరులో మా మేనమామకు మైకుసెట్టు అంగడి ఉండేది. ముందు గదిలో అంగడి, వెనక ఇల్లు. పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకులు బాడుగకిచ్చేవాడు. ఆంప్లిఫయర్లు బయట కొనకుండా తానే కట్టుకునేవాడు. ఆయన టంకం పెడితే చుక్క ముత్యంలా కూర్చునేది. పనిలో ఎంత గట్టివాడో మాటల్లో అంతకు పదింతలు.

"నిన్న మన మైకు పలమనేరు దాకా ఇనిపించిందంట" అనేవాడు వచ్చినవాళ్ళతో. లోపల పూలు కడుతున్న అత్త తలెత్తకుండానే, "అంత లేదులేప్పా. చింతతోపు దాకా ఇనిపించింటాది" అనేది. అందులో కోపం లేదు, వెక్కిరింపూ లేదు. ఎక్కువైన ఉప్పుకు కాసిన్ని నీళ్ళు పోసినట్టు, అంతే.

జాతరకు మైకు మాట్లాడుకోవడానికి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మామ చెప్పేదంతా ఓపిగ్గా వినేవాళ్ళు కానీ బయానా తాంబూలం మాత్రం వెంటనే ఇచ్చేవాళ్ళు కాదు. కాళ్ళు చాపుకుని కాచుకునేవాళ్ళు. లోపలి నుంచి "అంత లేదులేప్పా" అని వచ్చి, దాని వెనక అసలు కొలత వచ్చాక, "సరేప్పా, అట్లయితే ఖాయం చేసుకో" అని లేచేవాళ్ళు. మొగుణ్ణి నలుగురిలో అట్లా తీసిపారెయ్యడమేమిటని చిన్నప్పుడు నాకు అత్త మీద ఒళ్ళు మండేది. మామ పక్షాన నేనే మూతి ముడుచుకుని కూర్చునేదాన్ని.

తొంభైల్లో మదనపల్లెలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఆప్ ఆంప్ పాఠం వచ్చింది. ఎనిమిది కాళ్ళ నల్ల చిప్పు, చింతగింజంత. సిగ్నల్ లోపలికి వెళ్ళడానికి దానికి రెండు కాళ్ళు, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాను చూసి, దాన్ని లక్షరెట్లు పెంచి ఇంకో కాలి నుంచి బయటికి పంపిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ వెంటనే మా మేడమ్ బోర్డు మీద రెండు రెసిస్టర్లు గీసి, బయటికి వచ్చినదాంట్లో కొంత వెనక్కి తెచ్చి మైనస్ కాలికి కట్టింది. ఇప్పుడిది పదిరెట్లే పెంచుతుంది అంది.

నాకు తిక్కరేగింది. లక్షరెట్లు పెంచే మొనగాణ్ణి తయారుచేసి, మళ్ళీ వాడి చెవి మెలేసి పదిరెట్లకు కూర్చోబెట్టడం ఎందుకు? ఆ మాటే అడిగాను. "వదిలేస్తే అది ఎందుకూ పనికిరాదమ్మా" అంది మేడమ్. అది జవాబులా అనిపించలేదు.

ఆ శనివారం బస్సు దిగి పుంగనూరు అంగడికి పోయేసరికి మామ ఎవరితోనో "నా సౌండుకు కొండలు అదిరినాయి" అంటున్నాడు. "అంత లేదులేప్పా, రేకులు అదిరినాయి" అంది లోపలి నుంచి అత్త. నేను గడప మీదే నిలబడి పకపకా నవ్వాను. మామ నన్ను ఎగాదిగా చూసి, "ఏం పాపా, ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడు.

పాఠం అర్థమైంది. ఆ చిప్పును వదిలేస్తే వెంట్రుకవాసి తేడాకే రెచ్చిపోతుంది. బ్యాటరీ ఎంత ఎత్తుకు రానిస్తే అంత ఎత్తుకు పోయి తగులుకుని అక్కడే అతుక్కుపోతుంది, లేదంటే కింద అడుగుకు పడిపోతుంది. నడిమధ్య నిజమన్నది దానికి తెలియదు. ఇంట్లో స్టెబిలైజర్ టక్కుమనడానికి ఆ తెగింపే చాలు, కరెంటు హద్దు దాటిందా లేదా అన్నదొక్కటే దానికి కావాలి. పాటకు, మనిషి గొంతుకు అది చాలదు. అన్నదాంట్లో కొంత వెనక్కి వచ్చి 'అంత లేదు' అనాలి. అప్పుడు చిప్పు తన బలమంతా రెండు కాళ్ళనూ సమానంగా ఉంచడం మీద పెడుతుంది. ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది ఇంక చిప్పు కాదు, బయటున్న రెండు చిన్న రెసిస్టర్లు. ఎండకు వేడెక్కినా, చిప్పు మార్చి ఇంకోటి పెట్టినా లెక్క తప్పదు. అంత బలం ఉండి, అంత అణకువగా ఉండే వస్తువును నేను ఇంకోటి చూడలేదు. చూసిన రోజు నుంచి దానికి దండం పెట్టాలనే ఉంటుంది నాకు.

మామకు కూడా చెప్పాను. ఆయన టోన్ కంట్రోల్ బోర్డుల్లో వాడే 4558 చిప్పు లోపల ఉన్నవి ఇట్లాంటివే, జంటగా రెండు. ప్లస్‌కు 'ఔను కాలు' అని, మైనస్‌కు 'కాదు కాలు' అని పేరు పెట్టాం. "అయితే నేను ఔను, మీ అత్త కాదు" అని మామ మురిసిపోయాడు.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పంలో ఒక కాలేజీ లాబ్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడికి ఒకరోజు మామ చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చాడు. టీ తెప్పిస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు.

"మీ అత్త నాకు ఎదురు చెప్పేది మానేసింది పాపా. ఏమన్నా ఔనౌను అంటాది. నాకేందో బయంగా ఉండాది."

అత్తకు చెవులు మందగించాయని అందరికీ తెలుసు. ఆమె మాత్రం ఒప్పుకోదు. ఎవరేమన్నా నవ్వి "ఔనౌను" అంటుంది. వేలూరులో చూపించి చెవి మిషను కొనిచ్చారు. "తలకాయలో సంత పెట్టినట్టుండాది. హారన్లు, గిన్నెలు, కోళ్ళు అన్నీ ఉండాయి, ఆయప్ప గొంతు మాత్రం యాడా లేదు" అని తీసి అద్దం వెనక పడేసింది. అడ్డు చెప్పేవాళ్ళు లేక మామ మాటలు ఆకాశానికి పోయాయి. ఒక్క సెట్టుతో జాతరంతా వాయిస్తానని ఒప్పుకున్నాడు. వెనక వరసలవాళ్ళకు ఏమీ వినబడక తిట్టిపోశారు. పల్లెలవాళ్ళు రావడం తగ్గింది. మామ దిగులు మాత్రం అంగడి గురించి కాదు. అంత పెద్ద మాటకారి అట్లా గొంతు తగ్గించి కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది.

లాబ్‌లో కూర్చుని అత్త చెవి కోసం ఒక పెట్టెను బల్ల మీద కట్టి చూశాను. చిన్న మైకు, ఒక 4558. అందులో మొదటి ఆప్ ఆంప్ గొంతును పెంచుతుంది. రెండోది ఫిల్టరు, అంటే జల్లెడ. బస్సుల గుర్రుమనే మోతనూ గిన్నెల కీచునూ ఆపి, మనిషి మాటను మాత్రం పోనిస్తుంది. చివర ఇయర్‌ఫోన్‌ను తోసేందుకు రెండు ట్రాన్సిస్టర్లు. బల్ల మీద చక్కగా పనిచేసింది. సామానంతా మూటగట్టుకుని, క్యాలెండర్ కాగితం వెనక సర్క్యూట్ బొమ్మ గీసుకుని ఆదివారం పుంగనూరు పోయాను. టంకం తానే పెడతానన్నాడు మామ. ఆయన చేతికి వంక పెట్టేదేముంది, సరేనన్నాను.

సబ్బుపెట్టెలో అంతా అమర్చి ఇయర్‌ఫోన్ అత్త చెవిలో పెట్టాం. టప్పుమంది. ఆ తర్వాత ఏమీ లేదు. "యేమన్నా ఇనిపిస్తాండాదా?" అని మామ అరిచాడు. "ఔనౌను" అంది అత్త, నవ్వుతూ. మామ ముఖం మాడిపోయింది.

పెట్టె విప్పాను. బ్యాటరీ బాగుంది, మైకు బాగుంది. మొదటి ఆప్ ఆంప్ దగ్గరికొచ్చేసరికి వెనక్కి రావాల్సిన తీగ కాదు కాలికి లేదు, ఔను కాలికి ఉంది. మైకు తీగ కాదు కాలికి పోయింది. మామ చేయి తప్పే చేయి కాదే!

"నేనే మార్చినా" అన్నాడు మామ. "యాల మామా?" అంటే, "ఆమెకు ఇంగనన్నా అన్నీ ఔను అనే చెవిలో పడనీ. బతుకంతా నాతో కాదు అని అనీ అనీ అలిసిపోయిండాది" అన్నాడు.

తిట్టబుద్ధి కాలేదు. తన మాటకు తానే ఔను అనుకుంటే చిప్పు ఒక పక్కకు అతుక్కుని మూగబోతుందని చెప్పాను. "ఆ కాదు లేకపోతే ఇంగేమీ ఇనపడదు మామా."

మామ టంకం పెట్టే కడ్డీ వేడిచేసి, తీగలు విడదీసి, ఎక్కడివక్కడ అతికించాడు. మళ్ళీ అత్త చెవిలో పెట్టి నాబ్ మెల్లగా తిప్పాను. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. బయట ఆటో పోయింది, ఆమె ఉలిక్కిపడలేదు. నేను మామకు సైగ చేశాను.

మామ గొంతు సవరించుకుని, "ఈ పెట్టె ఐడియా అంతా నాదే. ఇట్లాంటిది బెంగుళూర్లో కూడా లేదు" అన్నాడు.

అత్త తలెత్తి ఆయన్ను చూసింది.

"అంత లేదులేప్పా" అంది. "తీగ తప్పు పెట్టింది మాత్రం నువ్వే అయ్యింటావు."

మామ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మద్రాసులో కూడా లేదు" అన్నాడు. "అంత లేదులేప్పా." "ఢిల్లీవోళ్ళు వొచ్చి సూసిపోతారు." "అంత లేదులేప్పా, ఎదురింటోళ్ళు వొస్తారు." ఆయన పెంచుతున్నాడు, ఆమె కోస్తోంది. మామ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

ఆఖరికి అలిసిపోయి అటు తిరిగి టంకం సామాన్లు సర్దుకుంటూ, ఎవరికీ వినబడదనుకుని గొణిగాడు. "నువ్వు పలక్కపోతే నేను బతికినట్టే లేదు."

పెట్టె ఆ మాటను కూడా పట్టింది. అత్త చేయి నాబ్ మీదికి పోయి ఆగింది. నేను అలవాటు కొద్దీ ఆమె నోటివైపు చూశాను.

అత్త ఈసారి 'అంత లేదులేప్పా' అనలేదు.