బండ కింద పెట్టిన రికార్డు

ఏడేళ్లుగా ఒక్క మాట మోస్తున్నాను. ‘శానా బాగుండె’ అన్న మాట. అది అబద్ధం. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ప్రొద్దుటూరులో నాది మైక్‌సెట్ అంగడి. జమ్మలమడుగు మస్తాన్ నా స్నేహితుడు. కువైట్ నుంచి సెలవుకు వస్తూ ఒక గ్రామఫోన్ రికార్డు తెచ్చాడు. జాజ్ ఫ్యూజన్ అనే విదేశీ వాద్యసంగీతం అట. బేస్ గిటార్ వాయించే ఆయన తన పేరుతోనే వేసిన రికార్డు. మన పాటల్లో వెనకెక్కడో వినీవినపడకుండా ఉండే ఆ గిటారు, ఇందులో ముందుకొచ్చి మాట్లాడేది. నాకు పిచ్చి పట్టింది. కొత్తగా చేయించిన పెద్ద స్పీకరు పెట్టెలో వినాలని బతిమాలి తెచ్చుకున్నాను.

విన్నాను. తీసి, కాలుతున్న ఆంప్లిఫయరు మీదే పెట్టి, వైర్లు సర్దుకుంటూ మరిచిపోయాను. చూసేసరికి అప్పడంలా వంగింది. మా వైపు ఏది వంగినా కడప బండ కింద పెడతాం. నేనూ అదే చేశాను. మిద్దె మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, రెండు బండల మధ్య. సాపైతే అయింది గానీ గీతలన్నీ నలిగిపోయాయి. ముల్లు పెడితే జర్రున జారింది.

అప్పుడే పోయి చెప్పి ఉంటే? తిట్టేవాడు. అంతే కదా! ఆ తిట్లకు భయపడి, అతను పులివెందుల పోయిన పూట చూసుకుని, రికార్డును అట్టలో పెట్టి, టైలరు పని చేసే వాళ్లన్న ఖాదర్ చేతికిచ్చి వచ్చేశాను. రెండు రోజులకు మస్తాన్ నన్ను ఖాదర్ కుట్టు అంగడికి పిలిపించాడు.

“నువ్వు ఇచ్చినప్పుడు ఎట్లుండెప్పా?”

“శానా బాగుండె.”

మస్తాన్ తన అన్న వైపు తిరిగాడు. “అయితే నీ ఇస్త్రీపెట్టె దీనిమీద పెట్టినావు!”

“అల్లా తోడు, అట్ట గూడా తెరవల్యా,” అన్నాడు ఖాదర్. నా వైపు చూశాడు. “ఏమప్పా, నువ్వైనా చెప్పు.”

నేను నేల చూశాను.

మస్తాన్ తన అన్నకు చెప్పకుండానే కువైట్ పోయాడు. నాకు ఉత్తరాలు రాస్తాడు, అన్నకు రాయడు. ఖాదర్ ఇప్పటికీ నా చొక్కాలు కుడతాడు. కొలతలు తీసుకుంటూ ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తలేదు. అతనికి తెలియదా? లేక నా నోటితోనే రావాలని చూస్తున్నాడా? ఎదురుగా నిలబడిన ప్రతిసారీ చెప్పేద్దామనుకుని, కుట్టుకూలి ఇచ్చి వచ్చేసేవాణ్ణి.

ఈ పొద్దున మస్తాన్‌కు అంతా రాసి పోస్టులో వేశాను. తిరిగొచ్చి కడుపునిండా తిన్నాను. సిగ్గు పోలేదు గానీ ప్రాణం హాయిగా ఉంది. అతను ఏమంటాడో తెలీదు. ఇక నా ముఖం చూడనన్నా తప్పు పట్టను. ఉత్తరంలో క్షేమ సమాచారాలు రాయలేదు. మొదటి వాక్యమే ఇది: మీ అన్న అట్ట కూడా తెరవలేదు.