నలుగురు పిల్లలు, ఒక్క చెయ్యి

తుఫాను బలహీనపడిందని పొద్దున్నే రేడియోలో చెప్పారు. ఆ ఒక్క మాటతో ఊరంతా ఊపిరి పీల్చుకుని పనుల్లో పడింది. తల్లులు ఎప్పటిలాగే పిల్లల్ని తెచ్చి ఆయమ్మకు అప్పగించి వెళ్లారు.

ఆయమ్మ అన్న పేరు వీధి పెట్టిందే. మిల్లులో పని పోయాక, ఉన్న ఒక్క కింది గదిలోనే పరుపులు పరిచి పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. ఎవరిని ఏ పక్కకి తిప్పి జోకొడితే నిద్రపోతారో, ఎవరు ముద్ద బుగ్గన పెట్టుకుని మరిచిపోతారో ఆమెకు కంఠతా వచ్చు. మనిషి మాత్రం ఉత్త పిరికిది. పిల్ల తుమ్మితే తల్లికి ఫోన్ చేసేది.

ఆ రోజు వచ్చింది నలుగురే. మూడేళ్ల కవలలు, ఇంకా పాకుతున్న బుజ్జిగాడు, అందరి మీదా పెత్తనం చేసే ఐదేళ్ల పిల్ల. దాని ఆరిందా మాటలకు ఆయమ్మ దాన్ని మామ్మా అని పిలిచేది.

గాలి తగ్గింది గానీ వాన తగ్గలేదు. పిల్లలు అన్నాలు తిని పడుకోబోతుండగా స్నానాల గది తూములోంచి నల్లటి నీళ్లు గుడగుడమంటూ పైకి తన్నుకొచ్చాయి. ఆయమ్మ గుడ్డ కుక్కింది. అంతలో వీధి తలుపు కింద నుంచీ నీళ్లు. ఏమిటా అని గడియ తీసేసరికి, తలుపును తోసుకుని వరద లోపలికి వచ్చిపడింది. వీధి చివరి కాలువ పొంగి వీధినే కాలువ చేసుకుంది. తలుపు మళ్లీ మూయడం ఆమె వల్ల కాలేదు.

పిల్లల్ని బల్ల ఎక్కించింది. ఫోన్ ఎవరికీ కలవలేదు. మేడ మెట్లు బయట, వాకిలి దాటితే గోడ పక్కనే. కానీ నీళ్లు మోకాళ్లను లాగేస్తున్నాయి. ఒక చేత్తో గోడ పట్టుకోకపోతే నిలబడలేదు. ఇక మిగిలింది ఒక్క చెయ్యి.

మేడ మీద దర్జీ అక్క ఉంది. ఆమె పైన ఆరేసిన బట్టల నీళ్లు పిల్లల పక్కబట్టల మీద కారుతున్నాయని ఈమధ్యే ఇద్దరూ మాటామాటా అనుకుని మాటలు మానేశారు. పైగా ఆమె కాలు విరిగి కట్టుతో ఉంది. అయినా ఆయమ్మ గొంతు చించుకుని పిలిచింది. పైనుంచి ఉలుకూ పలుకూ లేదు.

బుజ్జిగాణ్ణి దుప్పటితో వీపుకు కట్టుకుని, కవలల్లో ఒకణ్ణి చంకనేసుకుంది.

“మామ్మా, తమ్ముణ్ణి గట్టిగా పట్టుకో. బల్ల దిగొద్దు. ఇప్పుడే వస్తా.”

“రాకపోతే?”

“వస్తానే” అంది. ఆ గొంతు తనకే నమ్మకంగా అనిపించలేదు.

గోడ తడుముకుంటూ మెట్ల దాకా వెళ్లింది. పైన వదిలేస్తే పాకేవాడు మెట్ల మీంచి దొర్లిపోడా అని దారంతా ఒకటే గుబులు. తలెత్తి చూస్తే, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని, ఒక్కో మెట్టూ కూర్చునే దిగుతోంది దర్జీ అక్క. చంకకర్ర పక్కనే ఈడ్చుకొస్తోంది.

“ఇద్దర్నీ నా ఒళ్లో కూచోబెట్టు” అంది. “వీళ్లిద్దర్నీ వదలను. నువ్వెళ్లు.”

తిరిగి వెళ్లేసరికి నీళ్లు తొడల దాకా వచ్చాయి. బల్ల తేలి ఒక పక్కకి ఒరిగింది. కవలల్లో రెండోవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మామ్మ ఏడవడం లేదు, రెండు పిడికిళ్లతో వాడి చొక్కా పట్టుకుని బిగుసుకుపోయింది. ఆయమ్మ వాణ్ణి ఎత్తుకుని, పిల్లను వీపునెక్కించుకుంది.

“నా మెడ పట్టుకో. ఏమైనా వదలకు.”

వాకిట్లో కాలు జారింది. మోకాలి మీద పడి బురదనీళ్లు మింగింది. గోడ చేతికందలేదు. అందింది దర్జీ అక్క చాచిన చంకకర్ర. ఒక్కొక్క వేలూ బిగించి దాన్నే పట్టుకుని లేచింది.

ఎలాగో పైకి చేరారు. అందరూ కళ్లెదుటే ఉన్నా ఆయమ్మ నలుగురి తలలూ మళ్లీ మళ్లీ తడిమి చూసుకుంటూనే ఉంది. సాయంత్రం నీళ్లు తగ్గాక తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. బుజ్జిగాడి తల్లి అందరికన్నా చివర, నడుం దాకా బురదతో వచ్చింది. బిడ్డను అందుకుని మెట్ల మీదే కూలబడింది.

ఇప్పుడు పిల్లలు దర్జీ అక్క ముందుగదిలో ఉంటున్నారు. మబ్బు పడితే చాలు, ఆయమ్మ లేచి వెళ్లి మెట్ల మీంచి వాకిట్లోకి చూసి వస్తుంది. ఆమె వచ్చి కూర్చునేదాకా దర్జీ అక్క కుట్టుమిషన్ ఆపి ఉంచుతుంది.