తలుపేసిన అక్కను మనిషిగా రాయమన్న సారు

మా తెలుగు సారు పోయారని గత నెల కూసుమంచిలో మా పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. చేసింది కాంపౌండర్ మామే. "మీ సారు పొయ్యిండు బిడ్డా. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. పేపర్ ఇద్దామని పోయేసరికి లేడు," అన్నాడు. "నువ్వు జల్దీ రా. ఇంట్ల మస్తుమంది ఉన్నరు గని, నాకు మాట్లాడేటోళ్ళు లేరు."

సారూ, దవాఖానాలో పనిచేసే కాంపౌండర్ మామా టేకులపల్లిలో ఒకే కిరాయి ఇంట్లో ఉండేవారు. నేను బళ్ళో చేరేనాటికే ఉన్నారు, సారు పోయేదాకా ఉన్నారు. వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో ఊరందరికీ తెలుసు. ఎవరూ ముఖాన అనరు. సారు పాఠం చెబితే పక్క తరగతి కూడా సద్దుమణిగేది. అడవి ఊళ్ళ పిల్లలు ఒక చెట్టునో పిట్టనో తమ భాషలో ఏమంటారో అడిగి, తెలుగు మాట పక్కనే బోర్డు మీద రాసేవారు. ఆ మాట ఆయన తప్పుగా పలికితే పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కోసమే తప్పు పలికేవారేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

నేనూ టీచరునయ్యాక కథలు రాయడం మొదలుపెట్టాను. తొంభైల మొదట్లో ఒక కథ రాశాను. అందులో ఇద్దరు మగవాళ్ళు కలిసి బతుకుతారు. ఒకరిని కోతమిల్లు గుమాస్తాను చేశాను, ఇంకొకరిని బస్సు కండక్టరును చేశాను. అయినా ఎవరి కథో దాగేది కాదు. గుమాస్తాకు ఒక అక్కను పెట్టాను. ఆమె నోరు తెరిస్తే తిట్టే. చివరికి ఊరి మాటలు పడలేక కండక్టరు పురుగుల మందు తాగి చనిపోతాడు. కథ పట్టుకుని సారు ఇంటికి వెళ్ళేటప్పుడు దారిపొడవునా ఒకటే ఆలోచన. ఆయనకు కోపమొస్తే ఆ ఇంటికి మళ్ళీ ఏ ముఖంతో వెళ్ళాలి?

సారు ఏ కథనైనా పైకి చదివించుకునేవారు. సాసర్లో చాయ్ పోసుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక అడిగారు.

"ఆ కండక్టర్‌ను ఎందుకు చంపినవమ్మా?"

"వాళ్ళు పడే బాధ తెలియాలని సార్."

"ఊరోళ్ళు కోరుకున్న పనే నువ్వు చేసిపెట్టినవ్ గద."

ఆయన నెమ్మదిగానే చెప్పుకుపోయారు. "ఏడ్వనీకే పుట్టించినవా వాళ్ళను? కూర వండుకోరా, ఉప్పెక్కువైందని కొట్లాడుకోరా? ఇంకోటి. ఆ తిట్టు పేజీకోసారి రాసినవ్. ఒక్కసారి చాలు. చదివేటోళ్ళల్ల ఆ తిట్టు తిన్నోడు ఒకడుంటడు. వానికి మళ్ళ మళ్ళ తినిపియ్యకు."

లోపలినుంచి మామ, "ఉప్పు సంగతి నా మీదికి తెస్తున్నవా?" అన్నాడు. సారు నవ్వారు.

"మరి ఆ అక్క?" అని అడిగాను.

సారు సాసరు కింద పెట్టారు. "ఆమెను నువ్వు చూడలె. నేను చూసిన. మా అక్కనే గద. మా అమ్మ పోయినంక నన్ను చంకనేసుకుని పెంచింది. ఈయనను తీసుకుని మొదటిసారి మధిర పోతే, ఇద్దరం గడప ముందట ఉండంగనే తలుపేసింది. ఆ ఎండకాలమే బస్సు డ్రైవర్‌తోటి ఆవకాయ జాడీ పంపింది. మా ఇద్దరికి ఏడాది సరిపోయేంత. ప్రతి ఏడూ పంపుతది. ఇంట్లకు మాత్రం రానియ్యదు. గిప్పుడు చెప్పు, ఆమె చెడ్డదా, మంచిదా?"

నేను ఆ అక్క ఉన్న పేజీ తీసి మళ్ళీ చూసుకున్నాను.

"తెల్వదు గద? అది రాయి. తిట్టేటోళ్ళను రాసుడు అల్కగ, ఎవరైనా రాస్తరు. మా హెడ్మాస్టర్ నన్ను పెండ్లికి పిలుస్తడు, 'మీరొక్కరే రండి' అంటడు. నవ్వుకుంటనే అంటడు. గా నవ్వు రాయి. వాళ్ళను రాక్షసులను చేస్తే, చదివేటోడు 'నేను గట్ల కాదు' అని నిమ్మలంగ పండుకుంటడు."

కథ తిరగరాశాను. కండక్టరు బతికాడు. కూర మాడింది. అక్క జాడీ పంపింది, తలుపూ వేసింది.

కొత్తగూడెంలో ఆదివారం సాహిత్య సభలో దాన్ని చదివాను. సారూ మామా కూడా వచ్చారు. దగ్గరి వాళ్ళ పెళ్ళికి ఆ ఊరొచ్చిన సారు అక్కగారు, తమ్ముడి శిష్యురాలు చదువుతోందని వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. ఆవిడ వస్తున్నట్టు నాకు ముందే తెలిస్తే చదివేదాన్నో కాదో. ఉప్పు గొడవ దగ్గర మామ ఒక్కడే పైకి నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఒక పెద్దాయన "మన దిక్కు ఇట్లాంటివి ఉండవు" అని లేచి వెళ్ళిపోయాడు. సారు ఆయనకు దారిచ్చి, కుర్చీ సర్దుకుని మళ్ళీ కూర్చున్నారు.

బయట మెట్ల మీద అక్కగారు నన్ను ఆపారు.

"ఆ కథలో అక్క నేనేనా?"

"ఆమెలో మీరున్నారమ్మా."

"తలుపేసింది అని రాశావు. వేశాక ఏం చేసిందో రాయలేదేం?"

"ఏం చేసిందమ్మా?"

"గొళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. వాళ్ళ చెప్పుల చప్పుడు వినపడకుండా పోయేదాకా."

అచ్చుకు పంపేముందు ఆ రెండు వాక్యాలు చేర్చాను. కథలో బాగున్నవి అవే.

ఆ వేసవిలో ఆవిడ జాడీ తానే తెచ్చారు. వరండా దాటలేదు. మంచినీళ్ళు కావాలని మాత్రం మామనే అడిగారు. మరుసటి ఏడు లోపలికి వచ్చి భోంచేశారు. "నాకు ఇప్పటికీ అర్థం కాదురా," అన్నారట సారుతో, "అర్థం కాకపోతే అన్నం తినగూడదా ఏంటి?" ఈ మాట నాకు చెప్పేటప్పుడు సారు ముఖం పరీక్ష పాసైన పిల్లాడి ముఖంలా ఉంది. ఆ తర్వాత ఆయన బతికిన ఏళ్ళు తృప్తిగానే బతికారు. నా ప్రతి కథా విన్నారు. ప్రతిదాంట్లో ఎవరో ఒకరిని చూపించి, "వీళ్ళు ఇంకా మనుషులు కాలే," అనేవారు. నేను మళ్ళీ రాసేదాన్ని.

అస్థికలు కలపడానికి పర్ణశాల దగ్గర గోదావరికి వెళ్ళాం. కుండ ఎవరు పట్టాలన్న దగ్గర చుట్టాలు గుసగుసలాడారు. సారు అన్న కొడుకు ముందుకొచ్చాడు. అక్కగారు ఒడ్డున కూర్చున్న చోటునుంచి లేవకుండానే, మామను చూపించి, "ఆయనకివ్వు," అన్నారు. అన్న కొడుకు పక్కకు తప్పుకున్నాడు.

మామ ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. రాళ్ళు పాకుడు పట్టి ఉన్నాయి, ఒకసారి తూలాడు. అప్పుడు ఆవిడ చీర కుచ్చెళ్ళు కూడా ఎత్తకుండా నీళ్ళలోకి నడిచి ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. కుండ ఖాళీ అయింది. బంతిపూలు వంపు తిరిగి వెళ్ళిపోయాయి. పురోహితుడు ఇక రమ్మని పిలిచాడు. ఇద్దరూ మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడి, అవతలి ఒడ్డు అడవి కేసి చూస్తూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు.