చెన్నప్పకు రావాల్సిన రెండు వేలు

గార్లదిన్నెలో నాది మోటార్లు రిపేరు చేసే అంగడి. పని లేకుండా అక్కడికి వచ్చే మనిషి చెన్నప్ప ఒక్కడే. నా మీద ప్రేమతో కాదు, ఎవరి మోటారు కాలిందో కనుక్కోవడానికి వచ్చేవాడు. మోటారు కాలిందంటే తిరిగిందన్నమాట. తిరిగిందంటే బోరులో నీళ్లున్నట్టు. నీళ్లుండి తనకు డబ్బివ్వలేదంటే ఆ రైతు దొంగ. అతని లెక్క అది.

చెన్నప్ప నీళ్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా నడిచి, అది లేచి నిలబడిన చోట సున్నంతో గుర్తు పెట్టేవాడు. ఆ రోజు తాంబూలం, నూటొక్క రూపాయి. బోరులో నీళ్లు పడ్డాక రెండు వేలు. నీళ్లు పడక దుమ్ము లేస్తే ఏమీ లేదు. ఆ టెంకాయ మీద నాకు నమ్మకం లేదని అతని ముందే అన్నాను. "నీ నమ్మకమెవురికి కావాలప్పా, నీకు మోటార్లు కాలితే సాలు" అన్నాడు.

చిక్కంతా అతని గురువు పెట్టిన నియమంతో వచ్చింది. గుర్తు పెట్టినవాడు బోరు వేసేటప్పుడు ఆ చేలో ఉండకూడదట. ఉంటే నీళ్లు పక్కకు తొలగిపోతాయట. అందుకని నీళ్లు పడ్డాయో లేదో రైతు నోటినుంచే వినాలి. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? నీళ్లు పడినా దుమ్మే లేచిందని ఇద్దరు బొంకారు, దొరికిపోయారు. అప్పటినుంచి చెన్నప్పకు అందరూ దొంగలే అయ్యారు. చేలో నుంచి వచ్చే ఆడవాళ్ల కాళ్లకు బురద ఉందా అని చూసేవాడు. దుమ్మే వచ్చిందన్న మారెప్ప ఇంటిముందు నాలుగు వంకాయ చెట్లు పచ్చగా కనిపించాయని రెండేళ్లు అతనితో మాట మానేశాడు. అవి అంట్లు కడిగిన నీళ్లతో బతికిన చెట్లని నేను చెప్తే, ఎంత తిన్నావని నన్నే అడిగాడు.

బయ్యన్న కథ 2002లో జరిగింది. ఆ రైతుకు అప్పటికే మూడు బోర్లు ఎండిపోయాయి. నాలుగోదానికి చెన్నప్ప గుర్తు పెట్టాడు. మే నెలలో బోరు వేశారు. రెండున్నర ఇంచుల నీళ్లు పడ్డాయని బయ్యన్న తానే ఊరంతా చెప్పుకున్నాడు. చెన్నప్ప పేరు మారుమోగింది, ఇంకో నలుగురు రైతులు పిలిపించుకుని గుర్తులు పెట్టించుకున్నారు. రెండు వేలు మాత్రం రాలేదు. బయ్యన్న కరెంటు కనెక్షన్ వచ్చినాక ఇస్తానన్నాడు, తర్వాత విత్తనం పడినాక అన్నాడు. జూలై వచ్చింది. చెన్నప్ప కూతురు ప్రసూనకు అనంతపురంలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. సోమవారం సాయంత్రంలోగా రెండు వేలు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

శుక్రవారం పొద్దున చెన్నప్ప నా అంగడిలో కూర్చుని గొణిగాడు. "నీళ్లు పడల్యా అని ఎగ్గొట్టేటోళ్లను సూసినా. పడినాయని ఒప్పుకోని ఎగ్గొట్టేటోన్ని ఇప్పుడే సూస్తాండా. వాని మోటారు నీ కాడికి వచ్చినాదా?"

"మేలో వైండింగు చేసిచ్చినా. మళ్లా రాలేదన్నా. కనెక్షనే లేదంట కదా."

"కరెంటు లైనుకు దొంగగా కొక్కేలు తగిలిచ్చి నీళ్లు తోలుకుంటాంటాడు. కాలితే నాకు తెలుస్తాదని గుత్తికి తీస్కపోయి రిపేరు చేయిస్తాంటాడు. నీ బండి తియ్యి, పోయి సూద్దాం."

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని నా టీవీఎస్ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. నాకూ వైండింగు డబ్బులు సగం రావాలి. అందుకే వెళ్లాను, స్నేహం కోసమని అబద్ధమెందుకు చెప్పాలి?

చేను కొండ పక్కన, ఊరికి దూరంగా ఉంది. గట్టు మీద బయ్యన్న భార్య బయమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే లేచి, మంచినీళ్లు ఇచ్చింది. ఇద్దరికీ కలిపి ఒక్క లోటా, అదీ సగమే. రెండున్నర ఇంచుల నీళ్లున్న మనిషికి ఇంత పీనాసితనమా అన్నట్టు చెన్నప్ప నా వైపు చూశాడు.

బోరు దగ్గర కర్రకు స్టార్టరు పెట్టె బిగించి ఉంది. వైర్లు ఉన్నాయి. కేసింగు పైపు మూతికి గోనెసంచి కట్టి ఉంది. "సంచి ముట్టుకోవద్దన్నా, ఆయన వచ్చినాక..." అని బయమ్మ అంటూనే ఉంది, చెన్నప్ప విప్పేశాడు. లోపల మోటారు లేదు. ఒక గులకరాయి వేసి చెవి పెట్టాడు. చాలాసేపటికి రాయి మీద రాయి పడిన చప్పుడు వచ్చింది. నీళ్లలో పడిన చప్పుడు వేరుగా ఉంటుంది, అది నాకూ తెలుసు.

అప్పుడే బయ్యన్న వచ్చాడు. మా మొహాలు చూసి గట్టు మీద కూలబడ్డాడు.

"మున్నూట ఎనభై అడుగులు పోయినాము చెన్నప్పా. అంతా దుమ్మే."

"మరి పడినాయని యాల చెప్తివి?"

"నాలుగోది కూడా పాయనని తెలిస్తే అప్పులోళ్లంతా ఒక్క దినంలో మీద పడతారు. నీళ్లుండాయంటేనే విత్తనాల అంగడాయప్ప శెనక్కాయలు అప్పు ఇస్తాడు. వాన పడితే ఈ పంటతో కొంచమన్నా తీరుద్దామని. నీళ్లు పడినాయని చెప్పినాక నీ దుడ్లు ఇయ్యననేకి నోరు రాదు. ఇచ్చేకి లేవు."

చెన్నప్ప తిట్టలేదు. తిడతాడని నేను కాచుకుని ఉన్నాను. సంచి మళ్లీ మూతికి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. దారిలో సగం దూరం వచ్చాక వెనకనుంచి అడిగాడు. "మారెప్ప నిజమే చెప్పినాడేమో కదా భాయ్?" ఈ బోరు మాట నమ్మి గుర్తులు పెట్టించుకున్న నలుగురూ నాకు గుర్తొచ్చారు. అతనికీ గుర్తొచ్చే ఉంటారు.

అంగడి ముందు బండి దిగామో లేదో విత్తనాల అంగడి ఓనరు ఎదురొచ్చాడు. అతనూ చెన్నప్పకు తీసిపోయిన అనుమానస్తుడు కాదు.

"ఏం చెన్నప్పా, బయ్యన్న రేపు విత్తనానికి వస్తానన్నాడు. నీ రెండు వేలు ఇచ్చినాడా?"

ఊరికే అడిగిన మాట కాదది. చెన్నప్పకు డబ్బు ముట్టిందంటే నీళ్లు పడినట్టు, ముట్టలేదంటే పడనట్టు. ఇవ్వలేదంటే బయ్యన్న ఆ సాయంత్రానికే మునుగుతాడు, చెన్నప్ప పేరూ మునుగుతుంది. ఇచ్చాడంటే ఆ రెండు వేలు ఇక ఎప్పటికీ అడగడానికి లేదు. చెన్నప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ముట్టినాయి. పూరా ఇచ్చినాడు."

పక్కనే నిలబడి నేను తలూపాను. తప్పే. పంట పోతే ఆ ఓనరు విత్తనం అప్పు కూడా మునుగుతుంది. అయినా ఊపాను. చెన్నప్ప ఎవరి కోసం ఆ మాటన్నాడో, బయ్యన్న కోసమా తన పేరు కోసమా, నాకు ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం బయమ్మ ఇచ్చిన సగం లోటా తలచుకుని ఊపాను.

"బోరు సంగతి మా ఇంట్లో కూడా చెప్పగాకు భాయ్. నోర్లు నమ్మేకి లేదు" అన్నాడు లోపలికొచ్చాక. శని, ఆదివారాలు అప్పు కోసం తిరిగాడని విన్నాను. ఆ ఏడు ఎవరి దగ్గరుంది అప్పివ్వడానికి?

సోమవారం పొద్దున ప్రసూన వచ్చింది. అనంతపురం పోవడానికి ముస్తాబై, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఉంది.

"షాకీర్ మామా, మా నాయనకు శుక్రవారమే రెండు వేలు ముట్టినాయంట. విత్తనాల అంగడాయప్ప చెప్పినాడు. నాయన అడిగితే రాలేదంటాడు. పెట్టె ఎతికినా, అంగీ జేబులు ఎతికినా. ఎవురికి ఇచ్చినాడు మామా?"

"నాకు తెలీదమ్మా."

"నువ్వు ఆ పొద్దు నాయనతోనే ఉండావంట కదా."

చేతిలో ఉన్న రాగితీగను చుట్టుకుంటూ కూర్చున్నాను. అనంతపురం బస్సు వచ్చి ఆగింది, ఎవరెవరో ఎక్కారు, వెళ్లిపోయింది.

"ఆ దుడ్లు నా కోసం దాచినాడని ఊరంతా చెప్పుకున్యా మామా" అని, కవరు చంకన పెట్టుకుని ఇంటి దారి పట్టింది.